మూడుసార్లు వచ్చిన ఉత్తరం

చదవలేని మనిషిని చదివే కుర్చీలో ఇంకా ఎన్నాళ్లు కూర్చోబెడతారని ఫణీంద్ర అమ్మను అడిగాడు.

అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి గురువు ఆవిడే. డెబ్బై దాటాయి. ఉపన్యాసం ఇవ్వగా ఎవరూ వినలేదు. ఎవరైనా ప్రశ్న వేస్తే వాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పజెప్పి ఊరుకుంటుంది.

"ఎవరి సంగతి?" అంది తలెత్తకుండా.

"ఓబులేసుగారి సంగతేనమ్మా."

చూపులేని పిల్లలు వేళ్లతో తడిమి చదువుకునే పుస్తకాలు తయారు చేయడమే ఆ ఆశ్రమంలో పూజ. దళసరి కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు. నాలుగో ఏట మశూచి వచ్చి కళ్లు పోయిన ఓబులేసు వయసులో ఉండగా అక్కడికి వచ్చి చేరాడు. అప్పట్లో ఒక్కో చుక్కా చేత్తో పొడిచేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. యంత్రం వదిలిన ప్రతి పేజీనీ తడిమి చూసి, తప్పులు పట్టడం ఆయన వంతు.

ఆ తప్పులే ఆయన పట్టడం లేదని ఫణీంద్ర ఫిర్యాదు.

"ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో గుండె పాఠం రెండు పేజీలు లేకుండానే వెళ్లిందమ్మా. స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు పరీక్షలో సగం పాఠమే రాశారట. ఆయనకు షుగరు. వేళ్లు మొద్దుబారాయి. పైకి చెప్పడు. ఏ కట్టనైనా ఒక్క తప్పూ చూపకుండా తెచ్చి పెట్టేయడమే."

"ఆయన్ని అడిగావా?"

"బాధపడతారని అడగలేదు."

అమ్మ పుచ్చిపోయిన చిక్కుడుకాయనొకదాన్ని పక్కన పారేసింది.

"రాసివ్వు. నోటితో అన్నది రేపు కాదనొచ్చు. కాగితం మీద పెట్టి, కింద నీ పేరు రాయి."

ఫణీంద్ర సంతోషంగానే మేడ ఎక్కాడు.

ఆ మేడగది అతని రాజ్యం. అతను రాకముందు శారదాంబ అనే ఆవిడ చుక్కల యంత్రం పక్కనే నిలబడి, కేబులు తగిలించి, పాఠాలు ఒక్కొక్కటిగా దింపుకునేది. ఆవిడకు సుస్తీ చేసి వెళ్లిపోయాక ఫణీంద్ర వచ్చాడు. విజయవాడలో ఇంజనీరింగు చదివి, ఆరేళ్లు ఉద్యోగం చేసి, విసుగెత్తి సేవ చేయడానికి వచ్చినవాడు. వచ్చిన నెలలోనే మేడగది నుంచి వాకిలి మీదుగా రేకులషెడ్డు దాకా వైరు లాగించాడు. మామూలు తెలుగులో టైపు చేసింది దానంతటదే చుక్కలుగా మారేలా ప్రోగ్రాం రాశాడు. మౌసు ముట్టుకోడు. నల్లటి తెర మీద ప్రింటు తీయమనడానికి ఎల్పీ అని రెండక్షరాలు, పక్కన ఫైలు పేరు, ఎంటరు. అంతే. వాకిలి అవతల షెడ్డులో యంత్రం టకటకలాడుతూ మొదలెడుతుంది.

"నేను కుర్చీలోంచి లేవను. పుస్తకం కింద దిగిపోతూ ఉంటుంది," అని చూడవచ్చిన వాళ్లకు చెప్పేవాడు. వంటమనిషి తిరుపాలమ్మ అతనికి మేడమీద దేవుడని పేరు పెట్టింది.

ఆశ్రమంలో ప్రింటర్లు రెండు. ఒకటి షెడ్డులోని చుక్కల ప్రింటరు. రెండోది ఆఫీసులో ఉత్తరాలకూ బిల్లులకూ వాడే మామూలు సిరా ప్రింటరు. రోజంతా పని చుక్కలదే కాబట్టి, ఏ పేరూ చెప్పకుండా పంపితే ఫైలు నేరుగా అక్కడికే పోయేలా ఫణీంద్ర ఏర్పాటు చేశాడు. సిరాది కావాలంటే దాని పేరు కూడా రాయాలి. వారానికి ఒకసారి వచ్చే అవసరం అది.

ఉత్తరం అరగంటలో తయారైంది. అతను మంచి తెలుగు రాస్తాడు. 'పూజ్యులైన అమ్మగారికి' అని మొదలుపెట్టాడు. 'ముప్పై ఎనిమిదేళ్ల సేవను ఎవరూ కాదనలేరు' అన్నాడు. 'అయితే స్పర్శ కోల్పోయిన వేళ్లకు పిల్లల చదువును అప్పగించడం దయ కాదు, అన్యాయం' అన్నాడు. ఆ వాక్యం తనకే నచ్చి రెండుసార్లు చదువుకున్నాడు. వారిని విశ్రాంతికి పంపి ఆ స్థానంలో చదవగలిగిన వారిని నియమించమని కోరి, కింద పేరు రాశాడు.

ఎల్పీ. ఫైలు పేరు. ఎంటరు.

తెర మీద మామూలుగా వచ్చే ఒక్క లైను వచ్చింది. అతను అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

ఆఫీసుకెళ్లి చూస్తే ప్రింటరులో ఏమీ లేదు. కాగితాలున్నాయి, దీపం వెలుగుతోంది. మళ్లీ మేడెక్కి మళ్లీ పంపాడు. దిగాడు. లేదు. వైరు ఊడిందేమోనని పీకి గుచ్చి, మళ్లీ ఎక్కి, మూడోసారి పంపాడు. ఈలోగా అన్నం గంట కొట్టారు. ఆఫీసులోది కదా, తీరిగ్గా చూసుకోవచ్చనుకున్నాడు.

వాకిలి దాటుతుంటే షెడ్డులోంచి యంత్రం చప్పుడు వినిపించింది. రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంటుంది ఆ చప్పుడు. పొద్దున పంపిన లెక్కల పాఠమనుకున్నాడు.

భోజనాల దగ్గర ఓబులేసు పీట ఖాళీగా ఉంది.

"పెద్దాయన రాలేదా?"

"రాడంట," అంది తిరుపాలమ్మ సంగటి ముద్ద విస్తట్లో వేస్తూ. "గుడ్డలు మూట కట్టుకుంటా ఉండాడు. ఏమప్పా అంటే, పని అయిపోయిందిలే తిరుపాలూ అనె. ఏం పని అయిపోయిందో నాకేం తెలుసు? మీరంతా చదువుకున్నోళ్లు."

ఫణీంద్ర చేయి విస్తట్లోనే ఆగింది. వడగళ్ల చప్పుడు చెవుల్లో ఉంది. చప్పున ఆగిపోవడం, కాసేపు ఊరుకోవడం, మళ్లీ మొదలవడం. అలా మూడుసార్లు. లెక్కల పాఠానికి మధ్యలో ఆగడాలుండవు.

చేయి కడగకుండానే మేడెక్కాడు. తెర మీద మూడు లైన్లూ ఒకదాని కింద ఒకటి అలాగే ఉన్నాయి. ప్రతి లైనులోనూ ఫైలు ఏ ప్రింటరుకు వెళ్లిందో పేరు ఉంది. మూడింటిలోనూ అదే పేరు. చుక్కలు.

రద్దు చేసే ఆదేశం కొట్టాడు. రద్దు చేయడానికి వరసలో ఏమీ మిగల్లేదు.

ఓబులేసు గేటు దగ్గర దొరికాడు. భుజాన సంచి, చేతిలో కర్ర. రెండు గంటల బస్సు కోసం రోడ్డువైపు మొహం పెట్టి నిలబడ్డాడు. అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"మేడమీద అబ్బీనా?"

"పెద్దాయనా, అది పొరపాటున వచ్చింది. అది మీకు కాదు."

"నా గురించి కాదా?"

"మీ గురించే. కానీ మీకు పంపింది కాదు."

"సరేలే. ఆ మాత్రం తెలుస్తాది." ఓబులేసు సంచిలోంచి మడిచిన కాగితాలు తీసి ఇచ్చాడు. "మూడూ ఉండాయి చూసుకో. ఒకసారి చాలు గదా అబ్బీ. మొదటిదానికే అర్థమాయె. రెండోది మొదలవగానే, ఇంకేమన్నా చెప్తాండాడేమోనని మళ్లీ మొత్తం చదివినా. మూడోది గూడా చదివినా."

"మూడూ చదివారా?"

"అలవాటు. చేతిలోకొచ్చిన కాయితం చదవకుండా పక్కన పెట్టలేను."

బస్సు దూరంగా హారను కొట్టింది.

"ముప్పై ఎనిమిది అని రాసినావు. నలభై ఒకటి. నేనొచ్చినప్పుడు ఈ షెడ్డు లేదు, ఆ రేకులు మోసినోడిని నేనే. రెండో పేజీలో 'చదువు' అనే మాట రెండుసార్లు పడింది. తీసేసుకో. మిగతాదంతా శుద్ధంగా ఉండాది." కాస్త ఆగి, "తెలుగు బాగా రాస్తావే," అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు.

"ఉండండి పెద్దాయనా. నేను అమ్మతో మాట్లాడతాను."

"అమ్మతో మాట్లాడి, చెప్పులకు మొక్కే వస్తాండా. చీటీలన్నీ ఏమయినాయని మాత్రం అడిగినా. ఆమెకూ తెలీదంట."

"ఏం చీటీలు?"

బస్సు ఆగింది. కండక్టరు చెయ్యి పట్టబోతే వద్దని, ఓబులేసు మెట్లు తనే లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు.

ఫణీంద్ర వచ్చేసరికి అమ్మ వరండాలోనే ఉంది. చిక్కుడుకాయల చాట లేదు. దాని స్థానంలో దళసరి కాగితం ఒకటుంది. దాని మీద చింతపండు మరకలున్నాయి. తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తంభం పక్కన నిలబడింది.

"ఇదేంటి?" అని అమ్మ కాగితం చూపించింది.

"పాడైన షీటమ్మా."

"నీకెలా తెలుసు?"

"రోజూ వచ్చేవే. పెద్దాయన సాయంత్రం పుస్తకం కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. దుమ్ము పడకుండా పైన ఇలాంటి పాడు షీటొకటి వేసేవారు. అది తీసి బుట్టలో వేసి, కట్టను పార్సిలు చేయించేవాడిని."

"బుట్టలోవి నేను తెచ్చి పొయ్యి రాజేసుకుంటా ఉంటినమ్మా," అంది తిరుపాలమ్మ సన్నగా. "దళసరి కాయితం, బాగా అంటుకుంటాది. ఇదొకటి చింతపండు డబ్బాలో అడుగున ఏసినా. అందుకే మిగిలింది."

అమ్మ ఫణీంద్ర వైపు కాగితం తోసింది.

"చదువు."

"నాకు చుక్కలు రావమ్మా. కంప్యూటరే మార్చేస్తుంది కదా అని..." వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

అమ్మ కాగితం వెనక్కి లాక్కుని చూపుడువేలు ఆనించి, ఆగి ఆగి చదివింది. ఆవిడకూ అంత వేగం రాదు.

"గుండె పాఠం. నలభై మూడు తర్వాత నలభై ఆరు వచ్చింది. మధ్య రెండు పేజీలు లేవు. పంపొద్దు."

అతను వచ్చి పద్నాలుగు నెలలు. ఇరవై రెండు మెట్లు కర్రతో తడుముకుంటూ ఎక్కి, కట్ట బల్ల మీద పెట్టి, "పైన చీటీ పెట్టినా అబ్బీ, చూసుకో," అనేవాడు ఓబులేసు. ఫణీంద్ర చెవుల్లో పాటలుండేవి. మాట సగం వినపడేది. అతను తల ఊపేవాడు. చూపులేని మనిషికి పద్నాలుగు నెలలు తల ఊపాడు.

"ఎప్పుడూ ఒక్కమాట అనలేదేమమ్మా ఆయన?"

"శారదాంబ చీటీలు చదివేది. ఆవిడ చోట కూర్చున్నవాడికీ చదవడం వచ్చనుకున్నాడు. నేనూ అడగలేదు, నీకు వచ్చా అని. నా వాటా నాకుంది."

"రాసివ్వమన్నది మీరే కదమ్మా!" అన్నాడు ఫణీంద్ర ఉన్నట్టుండి. "మీరు అడక్కపోతే నేను రాసేవాడినే కాదు."

"నేనే అడిగాను. రాస్తూ రాస్తూ ఆగుతావనుకున్నాను."

అతను కూలబడ్డాడు. చేతిలోని మూడు ప్రతులూ నేలమీద పెట్టాడు. కాసేపటికి, "పిలిపించండమ్మా. మీరు కబురు చేస్తే వస్తారు," అన్నాడు.

"పొమ్మన్నది నేను కాదు."

"నేను ఈ పూటే ఉత్తరం పంపిస్తాను. క్షమించమని రాసి, ఇప్పుడే ప్రింటు తీసి..."

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చి అతని ఒళ్లో రెండు వస్తువులు పెట్టింది. వరసగా చిల్లులున్న ఇనుప పలక ఒకటి. చెక్కపిడి ఉన్న మొద్దు సూది ఒకటి. పిడి మీద పట్టుకునే చోట వేలి ఆకారంలో గుంట పడింది. ఓబులేసు వేలు చేసిన నలభై ఒక్కేళ్ల గుంట.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి తిరుపాలమ్మతో పప్పు సంగతి మాట్లాడింది.

ఆ పలక మీద రాయడమంటే కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి, ఒక్కో చుక్కా పొడవాలి. కాగితం తిప్పినప్పుడే అది చదవడానికి వీలవుతుంది. పక్కన అక్షరాల పట్టిక పెట్టుకుని ఫణీంద్ర మొదటిరోజు తన పేరు కూడా పూర్తిచేయలేకపోయాడు. చుక్క తప్పు పడితే కొట్టేయడానికి లేదు, కాగితమే మార్చాలి. అరచేయి బొబ్బలెక్కింది. ఇంగ్లీషు, తెలుగు, నాలుగు రకాల ప్రోగ్రాము భాషలు వచ్చినవాడు పదకొండు రోజులు కష్టపడి ఆరు లైన్లు రాశాడు. అందులో మంచి వాక్యమంటూ ఒక్కటీ లేదు. అలాంటివి రాయడానికి చేతిలో సత్తువ మిగల్లేదు.

ఓబులేసు మైదుకూరు దగ్గర తమ్ముడి ఇంట్లో ఉన్నాడని తెలిసి, అక్కడికి పోస్టు చేశాడు.

ఈలోగా షెడ్డులో యంత్రం ఆగిపోయి ఉంది. తడిమి చూసేవాళ్లు లేకుండా పుస్తకం పంపనని అమ్మ అంది. జూన్‌లో రావాల్సిన పుస్తకాల కోసం స్కూలు వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. అంతకుముందే దిగిన లెక్కల పాఠాలు, సాంఘికశాస్త్రం కట్టలు కట్టలుగా ఓబులేసు కుర్చీ పక్కన పేరుకుని ఉన్నాయి. ఫణీంద్ర ఇప్పుడు మేడ ఎక్కడం లేదు. ఆ కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కో లైనూ కూడబలుక్కుంటున్నాడు. గంటకు ఒక పేజీ. అందులోనూ తప్పులు.

ఒక మధ్యాహ్నం తిరుపాలమ్మ కవరు తెచ్చిచ్చింది. "మైదుకూరు ముద్ర," అంది. పోకుండా పక్కనే నిలబడింది. "ఎప్పుడొస్తాడంట?"

లోపల తను రాసిన ఆరు లైన్ల కాగితమే ఉంది. దానికి పిన్నుతో గుచ్చిన చిన్న చీటీ ఒకటుంది. చుక్కలు వరసగా, సమానంగా, యంత్రం పొడిచిన వాటికంటే నిండుగా ఉన్నాయి.

ఫణీంద్ర పట్టిక కోసం చూడలేదు. చీటీని మోకాలి మీద పరుచుకుని, కళ్లు మూసుకుని, వేలు ఆనించాడు. చాలాసేపు పట్టింది. తిరుపాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ కాచుకుని ఉంది.

రెండో లైను, మూడో మాట. ఒక చుక్క తక్కువ.

ఐదో లైను, చివరి మాట. ఒక చుక్క ఎక్కువ.

మిగతాది శుద్ధం.

అంతే ఉంది. వేలు అంచు దాకా పోయి ఆగింది.

"ఏమి రాసినాడు సామీ? వస్తాడా?"

అతను చీటీని తిప్పి రెండో వైపు తడిమాడు. పై అంచు నుంచి కింది అంచు దాకా, ఒక్కో లైను వెడల్పున, నిదానంగా తడిమాడు. ఆ చుక్కల గుంటలే తప్ప ఇంకేమీ లేవు. మళ్లీ మొదటి నుంచి తడిమాడు.